ఆరో పేరా

కేసుకు జవాబుగా ఆఫీసు తరఫున హైకోర్టులో వేయాల్సిన కౌంటరు ముసాయిదా పదకొండు పేజీలు వచ్చింది. అందులో ఒక్క పేరాతోనే తనకు పని పడుతుందని కవరు విప్పకముందే దేవ్‌సింగ్‌కు తెలుసు. మిగతావన్నీ ఎప్పటిలాగే చదివాడు. తేదీల పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టాడు. ఒకచోట తండా పేరు తప్పు పడితే దిద్దాడు. ఆరో పేరా దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు.

‘టీకా నుంచి మినహాయింపు గానీ, అందుకు గడువు గానీ కోరుతూ పిటిషనరు ఏ దశలోనూ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వలేదు.’

పిటిషనరు పేరు రూప్లి. మణుగూరు దారిలో, అడవి అంచున ఉన్న ఒక బాలికల హాస్టల్లో ఇరవై రెండేళ్లు వంట చేసింది. పర్మినెంటు ఉద్యోగి. కరోనా రెండో ఏడు, ఉద్యోగులంతా టీకా సర్టిఫికెట్లు ఇవ్వాలన్నప్పుడు ఇవ్వలేదనీ, సెలవు పెట్టకుండా ఏడు నెలలు డ్యూటీకి రాలేదనీ ఆమెను సర్వీసు నుంచి తీసేశారు. జీతం, దాని వెనక రావాల్సిన పెన్షను, రెండూ పోయాయి. ఆమె కోర్టుకు వెళ్లింది. అప్పట్లో ఆమె అర్జీ ఇచ్చిందా లేదా అన్నదాని మీదే ఇప్పుడు కేసు నిలబడి ఉంది.

ఇచ్చింది. ఆ అర్జీ రాసిపెట్టినవాడు దేవ్‌సింగే. భద్రాచలంలో, హాస్టళ్ల సిబ్బంది ఫైళ్లు చూసే ఈ ఆఫీసులో అతడు అప్పుడు సీనియర్ అసిస్టెంటు. ఇప్పుడు సూపరింటెండెంటు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు.

“అయిందా దేవ్‌సింగ్ గారూ?” రాజ్యశ్రీ మేడం తన గది గుమ్మంలోంచి అడిగింది. ఆమె ఈ ఆఫీసుకు అధికారిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. “రేపు పదింటి బస్సుకు అంజుమ్ ఈ కాయితాలు తీస్కొని హైదరాబాద్ పోతది. ఎల్లుండి కోర్టుల వెయ్యాలంట.”

“అయితంది మేడం.”

“రికార్డు చూసినరు గదా? ఆ రూప్లమ్మది ఏమన్న కాయితం ఉన్నదా?”

“ఇన్వర్డ్‌ల ఏం లేదు మేడం.”

ఆ జవాబులో అబద్ధం లేదు. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు పడే ఇన్వర్డ్ రిజిస్టరు తీసి, 2021 అక్టోబరు నెలంతా ఒక్కో వరుస మీదా వేలు జరుపుకుంటూ చూశాడు. అందులో ఏం ఉండదో తెలిసే చూశాడు, చూస్తే తన మాట నిజమవుతుందన్నట్టు. తరువాత నోటు రాశాడు. ‘రికార్డులతో సరిచూడబడినది. పేరాలు సరిగా ఉన్నవి.’ కింద పొడి సంతకం పెట్టాడు.

సంతకం ఎప్పటిలాగే తిన్నగా పడింది. అదే అతడికి నచ్చలేదు. వంకర పడితే బాగుండేది. లోపల ఎవరో ఒకరు ఒప్పుకోవడం లేదని తెలిసేది.

ఆ అక్టోబరులో దసరా ముందు, ఆఫీసుకు ఒక సర్క్యులరు వచ్చింది. సిబ్బంది వంద శాతం టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్లు అందేదాకా జీతాల బిల్లు కదలదు. డెబ్బై ఒక్క మందిలో డెబ్బై మందివి వచ్చాయి. రూప్లిది రాలేదు. హాస్టలు వార్డెను ఆమెను వంటగదిలోకి రానివ్వడం మానేసింది. మధ్యాహ్నం అన్నాల వేళ, ఆఫీసులో అందరూ వెనక గదిలో టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు రూప్లి అతడి టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇద్దరిదీ ఒకే తండా. ఆమె లంబాడీలో మాట్లాడింది. అతడు ఆఫీసులో ఎప్పుడూ చేసేట్టే తెలుగులో జవాబిచ్చాడు.

ఆమె టీకా వద్దనలేదు. పదేళ్ల కింద జ్వరానికి ఏదో ఇంజెక్షన్ చేస్తే మొహం వాచి, గొంతు పూడి, చావు దాకా వెళ్లి వచ్చింది. ఇకముందు ఏ సూది వేసినా డాక్టరు ఉన్నచోటే వేయించుకోవాలని అప్పుడు చూసిన డాక్టరు చీటీ రాసిచ్చాడు. హాస్టలు క్యాంపుకు వచ్చింది నర్సు ఒక్కతే. పెద్ద దవాఖానలో, డాక్టరు ఎదుట వేయించుకుంటాననీ, అందుకు నెల రోజులు గడువు ఇప్పించమనీ రాయమంది. అక్షరం రాని వాళ్లకు అర్జీలు రాసిపెట్టడం ఆ ఆఫీసులో అతడికి అలవాటే. రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది. చీటీ జిరాక్సు తీయబోతే కరెంటు లేదు. అసలు చీటీనే అర్జీకి గుచ్చి ఇచ్చి, “జవాబొచ్చేదాక ఇంటికాడ్నే ఉంట భియా,” అని వెళ్లిపోయింది.

ఆ కాగితానికి నంబరు వేయించాలంటే పక్క సీటులో ఉన్న బాబూరావుకు ఇవ్వాలి. అప్పుడు ఇన్వర్డ్ అతడిది. బాబూరావు వచ్చిన ప్రతి అర్జీనీ పైకి చదివేవాడు, మధ్యమధ్యలో తన మాటలు కలుపుతూ. సర్క్యులరు వచ్చిన రోజు నుంచీ అతడికి ఒకటే ఆట. “ఏందన్నా, మీ తండోళ్లకు పులొచ్చినా భయం లేదంటివి, సూదికి గింత పరుగా? నిన్నెట్ల పట్టుకొని పొడిచిండ్రో ఏమో, నలుగురు కావాలె గదా.” అందరూ నవ్వేవారు. దేవ్‌సింగ్ కూడా నవ్వేవాడు. ఆ ఆఫీసులో మొదట టీకా వేయించుకున్నది అతడే. చొక్కా చెయ్యి పైకి మడిచి ఫోటో దిగి గ్రూపులో పెట్టాడు. ముప్పై ఏళ్లుగా అతడు ప్రతి పనీ అట్లాగే చేశాడు. ఎవరూ ఏమీ అనకముందే, వాళ్లు అనబోయేదానికి జవాబుగా.

బాబూరావు అన్నం తిని వచ్చేలోపు అర్జీ సొరుగులోకి పోయింది. సాయంత్రం ఇస్తాననుకున్నాడు. సాయంత్రం రేపనుకున్నాడు. తన టేబులు మీదే పుట్టిన కాగితం బయటినుంచి వచ్చినట్టు ఎట్లా అవుతుంది, ఇన్వర్డ్ ఎందుకు అని కూడా అనుకున్నాడు. మూడో రోజు జీతాల కోసం అందరూ మీద పడ్డారు. రూప్లి పేరును ‘అనధికార గైర్హాజరు’ అని వేరే జాబితాలో పెట్టి మిగతా వాళ్లది వంద శాతం చేసి పంపాడు. అందరూ పండుగ చేసుకున్నారు. పది రోజుల్లో ఆమే వెళ్లి టీకా వేయించుకుంటుంది, అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. ఆమె మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆమెకు పోయిన మెమోలన్నీ టైపు చేయించింది కూడా అతడే.

ఆ తరువాత గోదావరి ఆఫీసులోకి వచ్చిన ఏడు, నడుముల్లోతు నీళ్లలో ఫైళ్లు పైఅంతస్తుకు మోస్తున్నప్పుడు ఆ సొరుగు అట్లాగే వదిలేస్తే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. అతడు ఆ అర్జీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపల దోపుకుని మెట్లెక్కాడు. ఎందుకు కాపాడాడో అతడికి ఇప్పటికీ తెలియదు. మంచితనమని ఒక్కోసారి అనుకునేవాడు. కావాలన్నప్పుడు చింపగలిగేది తన దగ్గర ఉండటంలో ఉన్న బలమేమోనని ఒక్కోసారి. ఇన్నేళ్లలో రెండుసార్లు సీటు మారాడు. రెండుసార్లూ ఆ కవరు కొత్త సొరుగు అడుగుకు చేరింది.

నోటు కింద సంతకం పెట్టాక, ఆ మధ్యాహ్నమే హాఫ్‌డే సెలవు రాసి మణుగూరు బస్సెక్కాడు. రూప్లిని చూడాలి. ఎందుకన్నది బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చాక గానీ తనతో తాను ఒప్పుకోలేదు. అర్జీకి గానీ, చీటీకి గానీ ఆమె దగ్గర నకలు ఉందేమో కనుక్కోవాలి.

తండాకు ఇవతల, రోడ్డు పక్క కల్లంలో మిర్చి ఎండబోశారు. అరడజను మంది ఆడవాళ్లు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. రూప్లి చివరన ఉంది. ముక్కుకు కొంగు కట్టుకున్నా కళ్లను బట్టి గుర్తుపట్టాడు. దగ్గరికి పోకముందే దగ్గు వచ్చింది.

“అక్కడ్నే ఆగు భియా,” అంది రూప్లి నవ్వుతూ. తండాలో ఇద్దరిదీ ఒకటే భాష. “సూపరెంటువైనంక మిర్చి ఘాటు గూడ పడుతలేదు నీకు. లోపలికొస్తే అంబులెన్సు పిలవాలె.”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆమె చేతులు దులుపుకుని గట్టు మీదికి వచ్చింది. ఇద్దరూ వేపచెట్టు నీడన నిలబడ్డారు.

“కోర్టు కాయితాలొచ్చినయ్,” అన్నాడు.

“అవ్. మా వకీలు జ్యోత్స్నమ్మ ఫోన్ చేసింది.”

“ఏమంటది?”

“ఏమంటది. సూది ఏయించుకోమనుడు సర్కారు తప్పు కాదంట. పట్టుకొని పొడుసుడు తప్పంట గనీ చెప్పుడు తప్పు కాదంట. మరి నువ్వు టైమడిగినవ్ గదా, ఆ అడిగిన కాయితమేదీ అంటది. అది లేకపోతే నువ్వు ఊకెనే ఇంట్ల కూసున్నట్టు లెక్కంట.”

“నీకాడ నకలేమన్న ఉన్నదా?”

ఆ ప్రశ్న మామూలుగానే వచ్చింది. సాయం చేసేవాడు అడిగినట్టే ఉంది.

“నకలేడిది? ఆ దినం కరెంటు లేకపాయె. డాక్టర్ చీటీ గూడ అసలుదే ఇస్తి గదా నీకు. రాసిన డాక్టర్ ఏడున్నడో ఏమో, ఎప్పుడో బదిలీ అయిపాయె.”

అతడి భుజాలు కిందికి దిగాయి. ఊపిరి పూర్తిగా బయటికి పోయింది. అంటే తనకు సంతోషం కలిగింది. ఎదురుగా ఆమె, గోళ్ల సందుల్లో ఎర్రటి మిర్చి దుమ్ముతో నిలబడి ఉంటే, ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదని తెలిసి తన ఒంటికి హాయిగా ఉంది. ఇంత స్పష్టంగా అతడు తనను ఎప్పుడూ చూసుకోలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“సూది ఏయించుకున్నవా ఆఖరికి?” ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

“ఎప్పుడో. జవాబు రాకపాయె, ఎన్నొద్దులు చూస్త? నేనే బస్సెక్కి పెద్ద దవాఖానకు పోయిన. డాక్టరమ్మ ముందల కూసోబెట్టి ఏసింది, రెండు గంటలు చూసింది. ఏం కాలే. ఇంటికొచ్చి కోడి కోసుకొని తిన్న.” నవ్వింది. “ఆ సర్టిఫికెట్ పట్టుకొని హాస్టల్‌కు పోతే, నువ్వు ఉద్యోగంల లేవు పొమ్మన్నరు.”

“మరి వకీలమ్మకు ఏం చెప్పినవ్, కాయితం గురించి?”

“నోటితోని అడిగిన అని చెప్పిన.”

“నోటితోనా? రాసిచ్చినవ్ గదా.”

“రాసిచ్చిన అంటే ఎవరు రాసిండ్రంటది. నాకు రాసుడు రాదని ఆమెకు ఎరుకే. అప్పుడు నీ పేరు చెప్పాలె. నిన్ను తీస్కపోయి కోర్టుల నిలబెడ్తరు. దిగిపొయ్యే ముందల నీకెందుకు భియా ఆ లొల్లి? మన తండాల ఆఫీసుల కూసున్నోడివి నువ్వొక్కనివే.” కొంగు విప్పి మొహం తుడుచుకుంది. “నువ్వు పైకి పంపినవ్. పైనోళ్లు పారేసిండ్రు. దానికి నువ్వేం చేస్తవ్.”

అది ప్రశ్నా, మాటా అతడికి తెలియలేదు. ఆమె అతడి వంక చూడటం లేదు. కల్లం వైపు చూస్తోంది. తెలిసే అడిగిందేమో. తెలియకే నమ్మిందేమో. రెండింటిలో ఏది తనకు కావాలో వెతుక్కుంటే, ఏదీ వద్దనిపించింది. తిట్టినా బాగుండేది. తిడితే తన వైపు నుంచి చెప్పుకోవడానికి నాలుగు మాటలు మూడేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. ఈ మాటకు అవి పనికిరావు.

“బస్సొస్తంది, పో,” అంది రూప్లి. “గిది పోతే మళ్ల పొద్దుగూకినంకనే.”

మర్నాడు తొమ్మిదింటికే అతడు మేడం గదిలోకి వెళ్లి ప్లాస్టిక్ కవరు టేబులు మీద పెట్టాడు. ఆమె విప్పి చదివింది. చీటీ చూసింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

“చేతిరాత మీదే గదా?”

“అవ్ మేడం.”

“ఇన్నేండ్లు ఎక్కడున్నది ఇది?”

“నా సొరుగుల.”

మేడం లేచి తలుపు వేసి వచ్చింది. “కూర్చోండి. వరదల పోయిందనుకుంటే అయిపోయేది గదా.”

“పోలే మేడం. నేనే పైకి మోసిన.”

“ఇది ఇట్లనే కోర్టుకు పోతే ఏమైతదో తెలుసా? రిటైర్మెంటు నాడు శాలువాతో పాటు చార్జి మెమో ఇవ్వాల్సొస్తది మీకు. అది తేలేదాక గ్రాట్యుటీ రాదు, పూర్తి పెన్షను రాదు.”

“తెలుసు. ఆ మెమోలు ఎంతమందికి డ్రాఫ్టు చేసిన్నో నేను.”

ఆమెకు నవ్వు రాలేదు. ఇన్వర్డ్ రిజిస్టరు తెప్పించి అక్టోబరు పేజీ తీసింది. “ఇగో, ఇక్కడ జాగ ఉన్నది గదా,” అంటూ వేలు పెట్టింది.

ఆ రోజు చివరి నంబరు కింద రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజనే కాదు, ప్రతి రోజు కిందా ఉన్నాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఆ ఆఫీసులో అది పద్ధతి. ఆలస్యంగా వచ్చిన కాగితాలు, పోయి దొరికినవి, ఆ రోజే వచ్చి ఉంటే బాగుండునని పైవాళ్లు అనుకున్నవి, అన్నీ ఆ ఖాళీల్లోకి చేరేవి. దాన్ని తప్పని ఎవరూ అనుకోరు. కొత్తగా చేరిన వాళ్లకు నేర్పే మొదటి పని అదే. ఇప్పుడు ఇన్వర్డ్ చూసే అంజుమ్‌కు నేర్పింది అతడే.

“పై నంబరుకే పక్కన ‘ఏ’ అని పెట్టి రాసేద్దాం,” అంది మేడం. “అర్జీ ఆ రోజే వచ్చింది, నంబరు పడ్డది, ఫైలుకు చేరలే. ఆరో పేరా తీసేస్తం. టీకా వేయించుకోమన్నందుకు కేసు ఓడిపోయేది లేదు. అడిగిన మనిషికి జవాబియ్యకుండ తీసేసినందుకు ఓడిపోతం. ఆమె ఉద్యోగం ఆమెకొస్తది. మీకూ ఏం కాదు.”

“ఫైలుకెందుకు చేరలే అని అడుగుతరు మేడం.”

“అప్పుడు ఆ సీటు ఎవరిది?”

“బాబూరావుది.”

మేడం రిజిస్టరులోని ఆ చేతిరాత వైపు చూసింది. బాబూరావు పోయి రెండేళ్లు. ఆఫీసులోనే, ఆ కుర్చీలోనే గుండె ఆగింది. “ఆయనకు ఇప్పుడు వచ్చే నష్టమేముంది,” అంది గొంతు తగ్గించి. ఆమె చెడ్డ మనిషి కాదు. ఇద్దరు బతికున్న వాళ్లను కాపాడటానికే చూస్తోంది.

దేవ్‌సింగ్ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. బాబూరావు చేతిరాత అతడికి బాగా తెలుసు. ఎనిమిదిని రెండు సున్నాలుగా వేసేవాడు. అట్లా వేయడం కష్టం కాదు. ఆ ఖాళీ గీతను చూస్తుంటే నోట్లో నీళ్లూరినట్టయింది. అది ప్రాణం దక్కిన ఊరట ఒక్కటే కాదు. ఇన్నేళ్లూ తన పక్కన కూర్చుని తన తండాను నవ్వుల పాలు చేసినవాడి మీద ఆ కాగితాన్ని మోపడం. నవ్వినవాడే దోషిగా మిగలడం. నిన్న కల్లంలో కలిగిన హాయి లాంటిదే మళ్లీ ఒంట్లోకి వస్తోంది. అతడు దాన్ని గుర్తుపట్టాడు.

పేజీలు తిప్పి ఈరోజు తేదీ దగ్గర ఆపాడు. మొదటి గీతలో నంబరు వేశాడు. ఎవరి నుంచి అన్నచోట రూప్లి పేరు, హాస్టలు పేరు రాశాడు. విషయం అన్నచోట టీకాకు గడువు కోరుతూ, డాక్టరు చీటీతో సహా అని రాశాడు. రిమార్కుల గడిలో పెన్ను ఆగింది. ముప్పై ఏళ్ల అలవాటుతో చెయ్యి తనంతట తానే కదిలింది. ‘పొరపాటున నా వద్ద ఉండిపోయిన కారణంగా.’ దాన్ని చూసుకున్నాడు. కొట్టేశాడు. పక్కన ఇరికించి రాశాడు. ‘11-10-2021న నేనే రాసి, నేనే దాచిపెట్టితిని.’ ఈసారి పొడి సంతకం కాదు, పూర్తి పేరు రాశాడు.

మేడం తల వంచి చదివింది.

“పొరపాటు అంటే సరిపోయేది గదా. కొట్టేసుడెందుకు?”

“పొరపాటు కాదు మేడం.”

“మరెందుకు దాచినరు?”

మూడేళ్లుగా పేర్చి పెట్టుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. ఆగిపోయిన జీతాల బిల్లు, డెబ్బై కుటుంబాల దసరా, పైనుంచి ఒత్తిడి, ఎట్లాగూ పదిరోజుల్లో సర్దుకుంటుందన్న నమ్మకం. అన్నీ నిజాలే. వాటిలో ఏది చెప్పినా ఆమె తల ఊపుతుంది.

“బాబూరావు చదివి నవ్వుతడని,” అన్నాడు.

మేడం అతడి వంక చూసింది. ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగింది. తలుపు చప్పుడైంది. బ్యాగు భుజానికి వేసుకుని అంజుమ్ తొంగి చూసింది. “మేడం, బస్సు టైమైతంది.”

“పన్నెండున్నరది పట్టుకో,” అంది మేడం. ముసాయిదాలో ఆరో పేరా మీద అడ్డంగా గీత కొట్టి, తెల్ల కాగితాలు రెండు దాని పైన పెట్టి దేవ్‌సింగ్ వైపు తోసింది. “ఆ పేరా కొత్తగా రాయాలె. మీరే రాయండి. బాబూరావు సంగతి కోర్టుకు అవసరం లేదు. మిగతాదంతా రాయండి.”

అతడు కాగితం ముందు పెట్టుకున్నాడు. పదింటి బస్సు వంతెన వైపు వెళ్తూ వేసిన హారను కిటికీలోంచి వినిపించింది. రాయడానికి ఇంకా రెండున్నర గంటలు ఉంది. మొదటి మాటగా రూప్లి పేరు రాశాడు. రెండో మాటగా తన పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.